తోలుబొమ్మలాట వృత్తిలోకి ప్రవేశం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగునాట తోలుబొమ్మలాట ప్రధానంగా ఆరె మరాఠీ కుటుంబాల వంశవృత్తిగా ప్రసిద్ధం. ఈ వృత్తిలోకి కొత్తవారు ఎలా ప్రవేశించారు, ఆటగాడిని తయారుచేసిన శిక్షణ ఏది, ఆ శిక్షణకు ఆధారమైన వ్యవస్థ ఎప్పుడు ఎలా విచ్ఛిన్నమైంది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేడు వంశవృత్తిగా కనిపిస్తున్నది కూడా ఒకప్పటి ప్రవేశానికి ఫలితమేనని, చేయి, గొంతు, పెట్టె, ఊరు అనే నాలుగు ఒకేచోట ఉన్నంతకాలం ఆటగాడు తయారయ్యాడని, 20వ శతాబ్దిలో బొమ్మ ఆట నుంచి విడివడిన తరువాత బొమ్మ చేసేవారికి దారి మిగిలి, ఆడించేవారికి దారి మూసుకుపోయిందని ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: తోలుబొమ్మలాట, ఆరె మరాఠీలు, ద్విపద, సురభి, నిమ్మలకుంట, వృత్తి శిక్షణ, బున్‌రాకు.

1. ప్రవేశిక

తోలుబొమ్మలాటను గురించిన చర్చ సాధారణంగా ఆట ప్రాచీనత, బొమ్మల తయారీ, ప్రదర్శన విధానం, ప్రస్తుత క్షీణదశ అనే అంశాల చుట్టూ సాగుతుంది. ఆటగాడు ఎలా తయారవుతాడన్న ప్రశ్నకు ‘వంశపారంపర్యంగా’ అన్న ఒక్క మాటతో సమాధానం చెప్పి ముందుకు సాగడం పరిపాటి. ఆ మాట తప్పు కాదు గాని, అది చాలదు. బొమ్మలాట ఇంట పుట్టినంత మాత్రాన ఎవరికీ ద్విపద నోటికి రాదు. తెర మీద హనుమంతుడు ఎగిరినప్పుడు నీడ చెదరకుండా చూసే నేర్పు రక్తంతో సంక్రమించదు. ఏ వంశవృత్తిలోనైనా ఒక ప్రవేశ క్రమం ఉంటుంది. అది బడి రూపంలో లేకపోవడం వల్ల మన దృష్టికి రాలేదు.

తోలుబొమ్మలాటపై గంభీరమైన పరిశోధన లేకపోలేదు. జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1984లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి ఈ ఆట ప్రదర్శన రీతిపై సిద్ధాంత వ్యాసం సమర్పించారు. ఆచార్య మొదలి నాగభూషణ శర్మ రాసిన గ్రంథాన్ని 1985లో సంగీత నాటక అకాడమీ ప్రచురించింది. ఇటువంటి కృషి వల్ల ఆట స్వరూపం మనకు తెలిసింది. ఆ స్వరూపాన్ని నిలబెట్టిన శిక్షణను, వృత్తిలోకి ప్రవేశించే మార్గాన్ని విడిగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘ఈ కళను కాపాడాలి’ అన్న మాట ప్రతి సదస్సులోనూ వినిపిస్తున్నది. ఇరవై ఏళ్ల యువతి గాని యువకుడు గాని ‘నేను ఈ వృత్తిలోకి రావాలంటే ఎక్కడికి వెళ్లాలి?’ అని అడిగితే, ఆ మాట అన్నవారి వద్ద జవాబు ఉండదు. ఈ పరిస్థితికి ఒక చరిత్ర ఉంది.

2. వంశవృత్తికి పూర్వం

పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో, శ్రీశైలంలో శివరాత్రి సందర్భాన జరిగే ఆటపాటల వర్ణనలో బొమ్మలాట ప్రస్తావన ఉంది. సోమనాథుని కాలనిర్ణయంలో అభిప్రాయభేదాలున్నా, 13వ శతాబ్ది ప్రాంతానికే ఆ ఆట తెలుగువారికి పరిచితమని దీనివల్ల తెలుస్తున్నది. ఇటీవలి కాలం వరకు శివరాత్రి జాగరణ బొమ్మలాటకు ముఖ్యమైన సందర్భంగా నిలిచి ఉండటం గమనించదగినది.

అయితే నేడు ఈ వృత్తిలో ఉన్న కుటుంబాల్లో ఎక్కువ మంది ఆరె మరాఠీలు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ మాండలికం, తెర వెనుక పాడేది తెలుగు. కర్ణాటకలో తొగలు గొంబెయాట ఆడే కిళ్ళేక్యాతల పరిస్థితీ ఇటువంటిదే. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కిళ్ళేక్యాతలను మరాఠీ మూలం గల బొమ్మలాట కులంగానే పేర్కొన్నాడు. 17, 18 శతాబ్దుల మరాఠా దండయాత్రలతోను, తంజావూరు మరాఠా పాలనతోను (1676–1855) ఈ కుటుంబాల వలసను ముడిపెట్టడం పరిశోధకులలో కనిపిస్తుంది.

ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అంశం స్పష్టమవుతుంది. సోమనాథుడు బొమ్మలాటను ప్రస్తావించిన నాటికి ఈ వలస ఇంకా జరగలేదు. అంటే ఆరె మరాఠీలు రాక ముందే తెలుగునాట బొమ్మలాడించినవారు ఉన్నారు. వారి తరువాత, లేక వారి పక్కన, ఆరె మరాఠీలు ఈ వృత్తిలోకి వచ్చారు.

ఆరె మరాఠీలు తమ నీడబొమ్మల కళను తామే వెంట తెచ్చుకొని ఉండవచ్చు కదా అన్న ఆక్షేపణ రావచ్చు. మహారాష్ట్రలోని పింగుళిలో ఠాకర్ల తోలుబొమ్మలు, చిత్రకథి సంప్రదాయం ఉన్న మాట నిజమే. బొమ్మ వెంట వచ్చిందనుకున్నా, పాఠం వెంట రాలేదు. తెలుగు తోలుబొమ్మలాటకు ఆధారం గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధమైన రంగనాథ రామాయణం, తిక్కన విరాటపర్వం మొదలైన తెలుగు కావ్యాలు. ఇంటి భాష వేరైన కుటుంబాలు ఈ ద్విపదలను, పద్యాలను విని నేర్చి, అర్థం చెప్పగలిగిన స్థాయికి చేరాయి. తెలుగు శ్రోతల ముందు రాత్రంతా నిలబడగలిగాయి. ఇది ఏ కొలతతో చూసినా వృత్తి ప్రవేశమే. కాబట్టి నేడు మనం కదలని వంశవృత్తిగా భావిస్తున్నది ఒకప్పుడు బయటివారు శ్రమించి సంపాదించుకున్న స్థానం. బయటివారికి ఈ కళ పట్టుబడదన్న వాదాన్ని ఈ వృత్తి చరిత్రే తోసిపుచ్చుతున్నది.

3. తెర వెనుక శిక్షణ

కుటుంబమే బృందంగా ఉన్న వ్యవస్థలో శిక్షణకు వేరే సమయం, వేరే స్థలం ఉండవు. ప్రదర్శనలోని పనులు తేలిక నుంచి కష్టానికి మెట్లుగా అమరి ఉంటాయి. ఆ మెట్లు ఎక్కడమే చదువు.

ముందు తెర పని. తెల్లని చీరలనో పంచెలనో కలిపి బిగువుగా కట్టాలి. తెర ముడత పడితే నీడ వంకర పోతుంది. కదలని బొమ్మలను ముళ్లతో తెరకు గుచ్చి నిలపాలి. సన్నివేశం మారగానే తీయాలి. దీపం పని తరువాతిది. ఆముదపు దీపాల నుంచి పెట్రోమాక్సు లైట్లకు, అక్కడి నుంచి విద్యుత్ బల్బులకు మారినా, దీపానికీ బొమ్మకూ తెరకూ మధ్య దూరం తెలియడం ఆటలో మొదటి పాఠం. బొమ్మ తెరకు ఆనితే రంగులతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. వెనక్కి జరిగితే నీడ పెరిగి మసకబారుతుంది. రాక్షసుడు మాయమవడం, దేవత ప్రత్యక్షమవడం ఈ దూరంలోనే ఉన్నాయి.

తరువాతిది లయ. తాళాలు, గజ్జెలు, కాలి కింద చెక్కల మోత యుద్ధ సన్నివేశాలకు ప్రాణం. బొమ్మను ఆడించే చేయి, చెక్కను తొక్కే కాలు ఒకే లయలో నడవాలి. ఈ లయ కుదిరిన తరువాతనే బొమ్మ చేతికి వస్తుంది. తెలుగు తోలుబొమ్మ నాలుగు నుంచి ఆరు అడుగుల ఎత్తు వరకు ఉంటుంది. భుజాలు, మోచేతులు, మోకాళ్ల వద్ద కీళ్లుంటాయి. బొమ్మకు నిలువునా ఒక బద్ద, చేతులకు విడి పుల్లలు ఉంటాయి. కొలువుతీరిన రాజు బొమ్మ ఎక్కువ కదలదు. నర్తకి బొమ్మకు కీళ్లు ఎక్కువ, పని ఎక్కువ. ఆమెను లయకు ఆడించడం చేతి నేర్పుకు గట్టి పరీక్ష.

వీటన్నిటికీ పైన గొంతు ఉంది. తెలుగు బొమ్మలాటలో ఆడించేవారే పాడతారు, మాట్లాడతారు. ద్విపదనో పద్యాన్నో రాగయుక్తంగా చదవాలి. వెంటనే దాని అర్థాన్ని ఊరివారి మాటలో విప్పాలి. ఆ తరువాత పాత్రల సంభాషణలోకి దిగాలి. స్త్రీ పాత్రలకు స్త్రీలే గొంతునిస్తారు. ఇంటి ఆడవారు పాల్గొనకుండా ఈ ఆట సాగదు. వృత్తి కళల్లో స్త్రీల శిక్షణను గురించి మాట్లాడేటప్పుడు ఈ అంశాన్ని తగినంతగా పట్టించుకోలేదు.

కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వంటి హాస్య పాత్రలకు రాతలో ఉన్న పాఠం లేదు. ఆ పాత్రలను పోషించేవారికి ఆ ఊరి సంగతులు తెలియాలి. ఎవరిని ఎంతవరకు ఆటపట్టించవచ్చు, ఏ మాటకు జనం నవ్వుతారు, ఏ మాటకు నొచ్చుకుంటారు అన్నది గ్రంథాల్లో దొరకదు. అది ఊరూరా తిరిగినవారికే పట్టుబడుతుంది.

4. చేయి, గొంతు, పెట్టె, ఊరు

పై క్రమాన్ని బట్టి, ఆటగాడు కావడానికి నాలుగు కావాలని చెప్పవచ్చు. బొమ్మను కదిలించే చేయి ఒకటి. కావ్యాన్ని మోసే గొంతు రెండవది. బొమ్మల పెట్టె మూడవది. ఆదరించే ఊరు నాలుగవది.

మొదటి రెండు నేర్పుకు సంబంధించినవి. మూడవది పెట్టుబడి. రామాయణం ఆడాలంటే ఒకే పాత్రకు కూడా సన్నివేశాన్ని బట్టి వేర్వేరు బొమ్మలు కావాలి. చర్మాన్ని సంపాదించి, శుభ్రపరచి, పారదర్శకంగా మలిచి, నగల కోసం చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, రెండు వైపులా రంగులు వేయడం ఎంతో శ్రమ. పెద్ద బొమ్మకు ఒక్క చర్మం చాలదు. అందువల్ల పెట్టె ఒక తరం నుంచి మరొక తరానికి అందే ఆస్తి అయింది. బయటివారికి నేర్పు అబ్బినా ఈ ఆస్తి లేదు. వంశపారంపర్యం వెనుక ఉన్న ఆర్థిక కారణాల్లో ఇది ముఖ్యమైనది.

నాలుగవదైన ఊరు శిక్షణకు కాలాన్ని, బ్రతుకుకు తిండిని ఇచ్చింది. పంటలు ఇంటికి వచ్చాక ఊరిపెద్దలు ఆట కట్టించేవారు. వానలు కురవకపోతే విరాటపర్వం ఆడించే ఆచారం ఉండేది. ఒకే కథ పలు రాత్రులు సాగే సందర్భాలుండేవి. నేర్చుకునేవారికి ప్రతి రాత్రీ ఒక అవకాశమే. ప్రదర్శనల సంఖ్య తగ్గితే ఆదాయం ఒక్కటే తగ్గదు, చదువు కూడా తగ్గుతుంది. ఈ సంబంధాన్ని గుర్తించకపోవడం వల్లనే క్షీణతను కేవలం ఆదరణ సమస్యగా చూస్తున్నాం.

5. సురభి: తెర ముందుకు వచ్చిన కుటుంబాలు

ఈ శిక్షణ ఎంత గట్టిదో తెలియడానికి సురభి చరిత్ర ఒక నిదర్శనం. 1880 నుంచి తెలుగునాట ఆధునిక నాటక ప్రదర్శనలు మొదలయ్యాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు ఆధ్వర్యంలో కీచకవధ నాటకం ప్రదర్శితమైంది. సురభి నాటక సమాజాల చరిత్ర అక్కడి నుంచి మొదలవుతుంది. వారు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడిన ఆరె మరాఠీ కుటుంబాలవారు.

వారు ఎంచుకున్న మొదటి నాటకం విరాటపర్వ కథ కావడం గమనార్హం. బొమ్మలాటలో తరతరాలుగా ఆడుతున్న కథనే మనుషులుగా ఆడారు. వాచికం, సంగీతం, హాస్యం వారికి ముందే వచ్చు. కొత్తగా నేర్వవలసింది ఆంగికం, రంగాలంకరణ. సురభి స్త్రీలు స్త్రీ పాత్రలు ధరించడం తెలుగు రంగస్థల చరిత్రలో విశేషంగా చెప్పుకుంటాం. తెర వెనుక స్త్రీలే స్త్రీ పాత్రలకు గొంతునిచ్చిన కుటుంబాలకు అది సహజమైన కొనసాగింపు. మాయాబజారు వంటి నాటకాల్లో సురభివారి మాయా దృశ్యాలను కూడా నీడలతో మాయను కల్పించిన అనుభవంతో కలిపి చూడవచ్చు.

ఇక్కడ మరొక విషయం ఉంది. సురభి కుటుంబాలు వృత్తిని మార్చుకున్నా శిక్షణ పద్ధతిని మార్చుకోలేదు. కుటుంబమే సమాజం, ప్రదర్శనే బడి, బాలపాత్రలే తొలి మెట్టు. బొమ్మలాట నుంచి మరొక వృత్తిలోకి ప్రవేశం సాధ్యమైందంటే, ఆ వృత్తికి కావలసిన నాలుగింటిలో గొంతు వారి వద్ద సిద్ధంగా ఉండటమే కారణం. పెట్టె స్థానంలో తెరలు, దుస్తులు వచ్చాయి. ఊరు అదే.

6. బొమ్మ ఆట నుంచి విడివడటం

20వ శతాబ్దిలో ఊరు మారింది. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో సినిమా పల్లెలకు చేరింది. రాత్రంతా సాగే ఆటకు అవకాశాలు తగ్గాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో జింక చర్మం వాడకానికి తావు లేకపోయింది. మేక చర్మమే ప్రధానమైంది. వన్యప్రాణుల రక్షణ దృష్టితో ఆ చట్టం అవసరమే. బొమ్మల పెట్టెను పూర్వపు పద్ధతిలో నింపుకోవడం మాత్రం ఇక కుదరలేదు.

స్వాతంత్ర్యానంతరం హస్తకళల పునరుద్ధరణ కృషి ఈ కుటుంబాలకు కొత్త జీవనాధారం చూపింది. తోలుకు రంగులద్ది, రంధ్రాలు పొడిచే నేర్పు దీపపు గొడుగులకు, గోడబొమ్మలకు, తలుపు అలంకరణలకు ఉపయోగపడింది. పూర్వపు అనంతపురం జిల్లా ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ఇందుకు ప్రసిద్ధి పొందింది. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఈ గౌరవం, ఈ మార్కెట్టు లేకపోతే కుటుంబాలు నిలిచేవి కావు. ఆ మేలును తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కాని ఈ మార్పు ఫలితంగా వృత్తి రెండుగా చీలింది. బొమ్మ చేయడం ఒక వృత్తి, ఆడించడం మరొకటి. మొదటిదానికి కొనుగోలుదారులు, ప్రదర్శనశాలలు, హస్తకళా పురస్కారాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు లభించిన భౌగోళిక గుర్తింపు కూడా 1999 నాటి చట్టం కింద వచ్చింది. ఆ చట్టం వస్తువులకు సంబంధించినది. అది బొమ్మను రక్షించగలదు. బొమ్మ వెనుక వినిపించే ద్విపదను రక్షించలేదు. దీపపు గొడుగు చేయడానికి రంగనాథ రామాయణం రానవసరం లేదు. కుటుంబంలోని చిన్నవారు ఏది నేర్చుకుంటే ఇల్లు గడుస్తుందో అదే నేర్చుకున్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చేయి మిగిలింది, కాని అది ఆడించే చేయి కాదు, ఉలి పట్టిన చేయి. గొంతుకు వారసులు తగ్గారు.

పాఠశాల విద్యలో మరొక దారి తెరుచుకుంది. 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం ఉపాధ్యాయులకు బొమ్మలాటను బోధన సాధనంగా నేర్పుతూ వచ్చింది. ఇది ఉపయోగకరమైన కృషి. అయితే ఉపాధ్యాయులు పాఠం చెప్పడానికి బొమ్మ పట్టడం వేరు, రాత్రంతా విరాటపర్వం నడపడం వేరు. ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాల గురుశిష్య పరంపర పథకం అసలు వృత్తికి దగ్గరగా వస్తుంది. శిక్షణ ముగిశాక శిష్యులు ఆడటానికి రాత్రులు ఎక్కడున్నాయన్న ప్రశ్న మాత్రం అక్కడా మిగిలే ఉంటుంది.

7. కుటుంబం వెలుపల శిక్షణ: జపాన్ అనుభవం

ఇటువంటి చిక్కును ఎదుర్కొన్న మరొక సంప్రదాయాన్ని చూడటం ఇక్కడ ప్రయోజనకరం. జపాన్‌లోని బున్‌రాకు బొమ్మలాటలో ప్రధాన పాత్ర బొమ్మను ముగ్గురు కలిసి ఆడిస్తారు. ఒకరు కాళ్లను, ఒకరు ఎడమ చేతిని, ప్రధాన కళాకారుడు తలను, కుడిచేతిని కదిలిస్తారు. కొత్తవారు కాళ్లతో మొదలుపెడతారు. కాళ్లకు పదేళ్లు, ఎడమ చేతికి పదేళ్లు అని అక్కడ అంటారు. గాయకుల, షమిసెన్ వాద్యకారుల శిక్షణ వేరు.

వారసులు తగ్గుతున్న దశలో, 1972లో జపాన్ జాతీయ రంగస్థల సంస్థ బయటివారికి రెండేళ్ల శిక్షణ ప్రారంభించింది. శిక్షణ ముగిసినవారు ఒక గురువు వద్ద శిష్యులై, వృత్తి బృందంలో చేరి, వేదిక మీదే మిగిలిన చదువు సాగిస్తారు. 1984లో ఒసాకాలో జాతీయ బున్‌రాకు రంగశాల ఏర్పడింది. నేటి బున్‌రాకు కళాకారుల్లో ఈ శిక్షణ ద్వారా వచ్చినవారు గణనీయంగా ఉన్నారు.

ఈ నమూనాను యథాతథంగా తేలేము. బున్‌రాకులో చేయి, గొంతు వేర్వేరు వ్యక్తులవి. మన ఆటలో రెండూ ఒకరివే. అందువల్ల మన శిక్షణ మరింత దీర్ఘమైనది. బున్‌రాకుకు స్థిరమైన రంగశాల ఉంది. మన ఆట ఊరూరా తిరిగినది. అయినా గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. అక్కడ రెండేళ్ల తరగతి ప్రవేశం మాత్రమే. దాని వెనుక వేదిక, జీతం, ఏళ్ల తరబడి సాగే శిష్యరికం ఉన్నాయి. మన వద్ద సాధారణంగా జరిగే కొద్దిరోజుల కార్యశాలలో పాల్గొన్నవారు ఒక చిన్న బొమ్మను చేసుకొని, ధ్రువపత్రంతో ఇంటికి వెళతారు. ఆ తరువాతి మెట్టు లేదు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తోలుబొమ్మలాట ఆదినుంచి ఒకే వంశానికి కట్టుబడిన వృత్తి కాదు. వేరే భాష మాట్లాడే కుటుంబాలు తెలుగు కావ్యాన్ని నేర్చి ఇందులో ప్రవేశించాయి. ఆటగాడి తయారీకి చేయి, గొంతు, పెట్టె, ఊరు అనే నాలుగు అవసరమయ్యాయి. సురభి కుటుంబాలు గొంతును ఆధారం చేసుకొని మరొక రంగంలో నిలదొక్కుకున్నాయి. 20వ శతాబ్దిలో బొమ్మకు మార్కెట్టు దొరికి, గొంతుకు దొరకలేదు.

దీనిలో తెలుగు శాఖల బాధ్యత కూడా ఉంది. ద్విపద వాఙ్మయాన్ని తాళపత్రాల ద్వారా, ముద్రిత ప్రతుల ద్వారా బోధిస్తున్నాం. ఆ కావ్యాన్ని వందల ఏళ్లు నోట మోసినవారి పాఠాన్ని జానపద విభాగానికి అప్పగించి, కావ్య పాఠ చరిత్ర నుంచి వేరు చేశాం. మిగిలి ఉన్న వృద్ధ కళాకారుల పాఠాన్ని, రాగాన్ని, అర్థం చెప్పే తీరును పూర్తి నిడివిలో నమోదు చేయడం మొదటి పని. ఆ కుటుంబాల పిల్లలకైనా బయటివారికైనా, ఏళ్ల తరబడి సాగే శిష్యరికానికి వేతనం, ఆడటానికి ఏడాదికి కొన్ని నిశ్చితమైన రాత్రులు కల్పించడం రెండవది. బొమ్మల పెట్టెను సంస్థ ఆస్తిగా ఉంచి, నేర్చుకునేవారికి అందుబాటులో పెట్టడం మూడవది.

శతాబ్దాల కిందట ఇంటి భాష తెలుగు కానివారు ఈ వృత్తిలోకి రాగలిగారు. వారికి వినడానికి ఆట, ఆడటానికి ఊరు ఉన్నాయి. నేడు తెలుగు మాతృభాషగా గలవారికి కూడా ఆ రెండూ అందుబాటులో లేవు. లోపం అభ్యర్థులలో లేదు. ఆ రెండింటినీ తిరిగి కల్పించే పని మిగిలి ఉంది. గొంతున్న పెద్దలు మన మధ్య ఉండగానే అది జరగాలి.